భాష తెలియని మహానగరంలో సందుగొందులు తిరగడం, చవకగా మంచి తిండి వెతుక్కోవడం ఎలా?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఇదివరకు చూడని పెద్ద నగరానికి వెళ్తున్నారు, నాలుగు రోజులు ఉంటారు, అక్కడి భాష రాదు. చూడదగ్గ కట్టడాల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది గానీ, ఆ ఊరివాళ్లు నడిచే సందులు, రోజూ తినే చోట్లు కనిపెట్టడం ఎలాగని అడిగారు. దారి తప్పుతానేమో, కడుపు చెడుతుందేమో అన్న భయం కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. తిండిని వెతక్కండి, పనిచేసే మనుషులను వెతకండి. నెల జీతమో రోజు కూలో తీసుకుంటూ, మధ్యాహ్నం కొద్దిసేపే విరామం దొరికే మనుషులు గుంపుగా ఉండే పేటను ఒకటి ఎంచుకోండి. వాళ్ల భోజనవేళకు గంట ముందే అక్కడికి చేరండి. ఆ గంటసేపు చుట్టుపక్కల సందులు నడవండి. విరామం మొదలవగానే వాళ్లు ఏ గుమ్మంలోకి వెళ్తే మీరూ అందులోకి వెళ్లండి, పక్కబల్ల మీద ఏముంటే అదే వేలితో చూపించి తెప్పించుకోండి. నగరం ఏదైనా ఇంతవరకు ఇది నన్ను నిరాశపరిచిన సందర్భాలు చాలా తక్కువ.

ఇది ఎలా నేర్చుకున్నానో చెబితే నమ్మకం కుదురుతుంది. ఇరవై ఏళ్లకు పైగా అచ్చు యంత్రాలు బిగించే, బాగుచేసే పని మీద రకరకాల నగరాలకు వెళ్లాను. ఒక్కోచోట రెండు మూడు వారాలు ఉండేవాణ్ణి. అచ్చు యంత్రాలు పాత బజార్ల వెనక, ఇరుకు మేడల కింది అంతస్తుల్లో ఉంటాయి. చేతికి సిరా అంటుకుని ఉండగా మధ్యాహ్నం అక్కడి పనివాళ్లు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. ఏ గైడు పుస్తకం అవసరం లేకుండానే సందుల్లో తిండి నాకు అలా పరిచయమైంది. తర్వాత పనిలేని రోజుల్లో, తోడెవరూ లేనప్పుడు కూడా అదే పద్ధతిని పట్టుకున్నాను.

ఈ పద్ధతి పనిచేయడానికి కారణం రోజూ వచ్చే మనిషి. పర్యాటకుడు తిండి బాగుండకపోతే మళ్లీ రాడు, బాగున్నా మళ్లీ రాడు, ఎందుకంటే ఎల్లుండికి అతను ఊళ్లోనే ఉండడు. అతని మీదే నడిచే హోటలుకు వంట కన్నా గుమ్మం ముందు బోర్డు, బొమ్మలున్న మెనూ, దారిన పోయేవాళ్లను పిలిచే కుర్రాడు ముఖ్యమవుతారు. రోజూ వచ్చేవాడు అలా కాదు. ధర కాస్త పెరిగినా పసిగడతాడు. నిన్నటి కూర వేడిచేసి పెడితే మొదటి ముద్దలోనే తెలుసుకుంటాడు, రేపటి నుంచి పక్క గుమ్మంలోకి మారిపోతాడు. అలాంటివాళ్లు వందమంది తినే చోట వండింది వండినట్టు అయిపోతుంది, నిలవ ఉండే అవకాశమే తక్కువ. చవకదనానికీ తాజాదనానికీ మూలం ఒకటే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ సియోల్‌లో ఉంది. అక్కడ జోంగ్నో అనే పెద్ద వీధి ఉంది. రాజుల కాలంలో ఆ వీధిలో పెద్ద అధికారులు గుర్రాల మీద వెళ్తుంటే మామూలు జనం పని ఆపి వంగి నిలబడాల్సి వచ్చేది. ప్రతిసారీ అలా ఆగలేక జనం వీధికి సమాంతరంగా ఉన్న వెనక సందులో నడవడం మొదలుపెట్టారు. దానికి ‘పిమత్‌గోల్’ అన్న పేరు స్థిరపడింది. గుర్రాన్ని తప్పించుకునే సందు అని దాని అర్థం. పనిమీద పోయే జనమంతా అందులోనే నడిచేవారు కాబట్టి చారు, కాల్చిన చేప, మద్యం అమ్మే చవక కొట్లు అక్కడే వెలిశాయి. ఆ సందులో చాలా భాగాన్ని ఇప్పుడు ఎత్తైన భవనాలు మింగేశాయి, కొన్ని ముక్కలే మిగిలాయి. కానీ చవక తిండి సందుల్లో ఎందుకు పుడుతుందో దాన్ని మించి చెప్పే కథ నాకు తెలియదు. పెద్ద వీధి హోదాకు, వెనక సందు పనికి. అద్దె తక్కువ, రద్దీ ఎక్కువ, తొందరలో ఉన్న మనుషులు. ఈ మూడూ ఎక్కడ కలిస్తే అక్కడ మీ భోజనం ఉంటుంది.

మరి అలాంటి పేటను మ్యాపులో ఎలా గుర్తుపట్టాలి? నేను ఇవి చూస్తాను: కూరగాయలు, పూలు, బట్టలు, ఇనుప సామాను అమ్మే టోకు మార్కెట్లు, కోర్టులు, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు, పాత విశ్వవిద్యాలయాల వెనక గేట్లు, బస్సు డిపోలు, అచ్చు పనివాళ్ల, తోలు పనివాళ్ల, మరమ్మతు పనివాళ్ల సందులు. ఆసుపత్రుల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒకటి తెరిచి ఉంటుంది, ఎందుకంటే రోగికి తోడున్నవాళ్లకు వేళాపాళా ఉండదు. విశ్వవిద్యాలయం దగ్గర పరిమాణం ఎక్కువ, రుచి కాస్త అటూఇటూ. కోర్టుల దగ్గర భోజనం తరచుగా చాలా బాగుంటుంది. గుమాస్తాలు ఏళ్లతరబడి అక్కడే తింటారు, రుచి విషయంలో వాళ్లు రాజీపడరు.

డ్రైవర్లు తినే చోట్లు ఇంకో మంచి జాడ. లండన్‌లో వీధుల అంచున ఆకుపచ్చ రంగు వేసిన చిన్న చెక్క గదులు కొన్ని కనిపిస్తాయి. గుర్రపు బండ్ల కాలంలో, 1875 నుంచి, బండివాళ్ల కోసం ఒక ధర్మసంస్థ వాటిని కట్టించడం మొదలుపెట్టింది. నడివీధిలో ఉంటాయి కాబట్టి గుర్రం, బండి కలిపి ఎంత స్థలం పడుతుందో అంతకు మించి ఉండకూడదని నియమం. ఇప్పటికి 13 మిగిలాయి. లోపల కూర్చునే హక్కు టాక్సీ డ్రైవర్లదే గానీ, కిటికీ దగ్గర నిలబడి టీ, రొట్టె ఎవరైనా కొనుక్కోవచ్చు. అంత ఖరీదైన నగరంలో అంత ఖరీదైన పేటల మధ్య అలాంటి చోటు ఉందని చాలామందికి తెలియదు.

ఇంకో మాట. తిండి ఎప్పుడూ వీధి మట్టంలోనే ఉంటుందనుకోకండి. హాంకాంగ్‌లో నేను మొదటి వారమంతా వీధి మీది హోటళ్లలోనే తిన్నాను. తర్వాత ఒక యంత్రచాలకుడు నన్ను ప్రభుత్వ మార్కెట్ భవనంలోకి తీసుకెళ్లాడు. కింద చేపలు, కూరగాయలు. పై అంతస్తులో వరసగా వంట కొట్లు, మధ్యలో మడత బల్లలు. వీధిలో అమ్ముకునేవాళ్లను అక్కడి ప్రభుత్వం అలాంటి భవనాల్లోకి మార్చింది. బయట నుంచి చూస్తే ఏదో కార్యాలయంలా ఉంటుంది, లోపల ఏముందో ఊహించలేం. సింగపూర్ కూడా 1960ల చివర నుంచి వీధి వ్యాపారులకు లైసెన్సులిచ్చి కప్పు ఉన్న ‘హాకర్ సెంటర్ల’లోకి చేర్చింది. ఆ తిండి సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు దక్కింది. 2016లో అక్కడి రెండు చిన్న కొట్లకు, పేరున్న భోజనశాలల గైడు మిషెలిన్ ఇచ్చే నక్షత్రం వచ్చినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది గానీ, రోజూ తినేవాళ్లు ఆశ్చర్యపడి ఉండరని నా నమ్మకం. అక్కడికి వెళ్తే పేరుమోసిన కొట్టు వరసలో గంట నిలబడకండి. అదే కప్పు కింద ఉన్న మిగతా కొట్లలో, మెడలో గుర్తింపు కార్డులున్న ఉద్యోగులు ఎక్కడ నిలబడ్డారో చూసి అక్కడ నిలబడండి.

ఇక వేళ. నా లెక్కలో చోటు కన్నా వేళ ముఖ్యం. కొత్తగా తిరిగేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇందులోనే.

ఇస్తాంబుల్ గ్రాండ్ బజారు చుట్టూ ‘హాన్’లు ఉంటాయి. ఒకప్పటి వర్తకుల సత్రాలు, ఇప్పుడు చేతిపనివాళ్ల కార్ఖానాలు. వాటి మధ్య ‘ఎస్నాఫ్ లోకాంతాసి’ అనే భోజనశాలలు కనిపిస్తాయి. చిరువ్యాపారుల భోజనశాల అని అర్థం. పొద్దున్నే వండిన కూరలు, పప్పుచారు, వంకాయ వంటలు ఆవిరి పళ్లేల్లో వరసగా పెడతారు. మెనూ చదవనక్కర్లేదు, చూపిస్తే చాలు. మొదటిసారి నేను అక్కడికి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పళ్లేలు అడుగంటాయి, వంటాయన బల్లలు తుడుస్తున్నాడు. మర్నాడు పన్నెండుకు వెళ్తే అదే కొట్టులో ఏది వదలాలో తెలియలేదు. ఆదివారం వెళ్తే ఇంకా నిరాశ. బజారే మూసి ఉంటుంది కాబట్టి దాని మీద బతికే భోజనశాలలూ మూసేస్తారు.

మాడ్రిడ్‌లో అయితే మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆకలితో బయల్దేరితే పర్యాటకుల హోటళ్లే స్వాగతం చెబుతాయి. అక్కడివాళ్లు రెండు దాటాక తింటారు. అప్పుడు ‘మెనూ దెల్ దియా’ అని అడిగితే రెండు వంటకాలు, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపి కలిపి ఒకే ధరకు ఇస్తారు. 1960లలో ప్రభుత్వం తెచ్చిన నిబంధనల నుంచి పుట్టిన అలవాటు అది. పనిదినాల్లో మధ్యాహ్నం మాత్రమే దొరికే చోట్లు చాలా. రాత్రి అదే బల్ల దగ్గర అదే వంటకు ఎక్కువ చెల్లిస్తారు. మెక్సికో నగరంలో ‘కొమీదా కొరీదా’ కూడా అలాంటిదే. మార్కెట్లలోని చిన్న భోజనశాలల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య అడగాలి. డబ్బు పొదుపు చేయాలంటే రోజులో పెద్ద భోజనం మధ్యాహ్నానికి పెట్టుకోండి, రాత్రి తేలికగా ముగించండి. ఈ ఒక్క మార్పుతో చాలా నగరాల్లో తిండి ఖర్చు బాగా తగ్గుతుంది.

హనోయ్‌లో వేళ ఇంకా పట్టుదలగా ఉంటుంది. ఒకే వంటకం చేసే కొట్లు ఎక్కువ. పొద్దున నూడుల్స్ చారు పోసిన మనిషి పదింటికల్లా గిన్నెలు కడిగి వెళ్లిపోతే, అదే కాలిబాట మీద మధ్యాహ్నం మరొకరు మరో వంటతో కూర్చుంటారు. మ్యాపులో మీరు గుర్తుపెట్టుకున్న చుక్క దగ్గరికి సాయంత్రం వెళ్తే మూసిన తలుపు కనిపిస్తుంది. ఆ కొట్టు లేదని అర్థం కాదు, దాని వేళ అయిపోయింది.

ప్రయాణం నెల కూడా చూసుకోండి. చాంద్రమాన కొత్త సంవత్సరానికి చైనా, వియత్నాం, కొరియా నగరాల్లో చిన్న కొట్లవాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు. ఆగస్టులో పారిస్‌లో చాలా చిన్న భోజనశాలలు సెలవు బోర్డు పెడతాయి. రంజాన్ నెలలో ముస్లింలు ఎక్కువగా ఉన్న పేటల్లో పగలు నిశ్శబ్దం, సూర్యాస్తమయం తర్వాత మాత్రం సందులన్నీ మేల్కొంటాయి. ఆ రాత్రులు నడవడం నాకు ఎంతో ఇష్టం.

ఇప్పుడు నడక, దారి తప్పడం.

ప్రతి నగరం వీధులకు ఒక పద్ధతి ఉంటుంది. బయల్దేరే ముందు పది నిమిషాలు పెట్టి దాన్ని తెలుసుకోండి. టోక్యోలో చాలా వీధులకు పేర్లే లేవు. చిరునామా అంటే పేట, అందులో భాగం, ఆ భాగంలోని బ్లాకు సంఖ్య, ఇంటి సంఖ్య. ఇళ్ల సంఖ్యలు కూడా అన్నిచోట్లా వరసగా ఉండవు. కాబట్టి చిరునామా చేతిలో ఉన్నా నడక తేలిక కాదు. కూడళ్లలో ‘కోబాన్’ అనే చిన్న పోలీసు గదులు ఉంటాయి, దారి చెప్పడం వాళ్ల రోజువారీ పనిలో భాగం, మొహమాటపడకుండా అడగండి. బ్యాంకాక్‌లో పెద్ద రోడ్డు నుంచి చీలే సందులను ‘సోయ్’ అంటారు. బేసి సంఖ్యలు ఒకవైపు, సరి సంఖ్యలు రెండోవైపు. రెండువైపులా సందుల లెక్క ఒకటి కాదు కాబట్టి ఎదురెదురు సంఖ్యలకు పొంతన ఉండదు. పారిస్‌లో 1805 నుంచి ఒక ముచ్చటైన నియమం ఉంది: సెన్ నదికి అడ్డంగా వెళ్లే వీధుల్లో ఇంటి సంఖ్యలు నది వైపు నుంచి మొదలవుతాయి, నదికి సమాంతరంగా ఉన్న వీధుల్లో ప్రవాహం వెంట పెరుగుతాయి. ఇది తెలిస్తే నాలుగు గుమ్మాలు చూసి నది ఎటు ఉందో చెప్పేయవచ్చు. హనోయ్ పాతపేటలో వీధి పేర్లే సరుకుల పేర్లు. ‘హాంగ్’ అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ థియెక్ తగరం వీధి. ఆ తగరం వీధిలో ఇప్పటికీ రేకులు కొట్టే చప్పుడు వినిపిస్తుంది. రెండు సందుల అవతల నుంచే ఆ చప్పుడును పట్టుకుని దారి పోల్చుకునేవాణ్ణి.

బ్యాంకాక్‌లో నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక సాయంత్రం మ్యాపులో చూస్తే నేను దిగిన చోటుకూ నేనున్న చోటుకూ రెండు వందల మీటర్లు కూడా లేదు. సందు వెంట నడుస్తూ పోయాను. గోడ అడ్డం. పక్క సందు పట్టుకున్నాను, చివర కాలువ. అక్కడి సోయ్‌లు చాలావరకు ఒకదానితో ఒకటి కలవవు, ప్రతిదీ పెద్ద రోడ్డుకే తిరిగి చేరుతుంది. మ్యాపులో దగ్గరగా కనిపించేది కాలినడకకు దగ్గర కాకపోవచ్చని ఆ రోజు గట్టిగా తెలిసింది. అప్పటి నుంచి సందుల్లోకి దిగే ముందు ఒక వెన్నెముక ఎంచుకుంటున్నాను. నది, ట్రాము పట్టాలు, మెట్రో వంతెన, ఏదో ఒక పెద్ద రోడ్డు. దానికి ఒకేవైపు తిరుగుతాను. విసుగొచ్చినా, చీకటి పడినా దాని వైపు నడిస్తే చాలు, ఎక్కడో ఒకచోట తగులుతుంది. నదీతీర నగరాల్లో, రేవు పట్టణాల్లో వాలు కూడా సాయం చేస్తుంది, పల్లానికి నడిస్తే నీటి దగ్గరికి చేరతారు.

ఫోన్లో ఆ నగరం మ్యాపు ముందే దించుకోండి. నెట్ లేకపోయినా మీరున్న చోటు చూపిస్తుంది, ఎందుకంటే ఆ లెక్క ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలతో జరుగుతుంది. కానీ ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందులో ఆ సంకేతాలు గోడలకు తగిలి తిరిగి వస్తాయి, నీలం చుక్క పక్క వీధిలోకి గెంతుతుంది. కంగారుపడి దాని వెంట పరిగెత్తకండి. కాస్త విశాలంగా ఉన్న కూడలికి వచ్చి నిలబడితే సర్దుకుంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎక్కడెక్కడివాళ్లో కలిసి గీసే ఉచిత మ్యాపు) ఆధారంగా నడిచే యాప్‌లలో కాలిబాటలు, మెట్లదారులు ఎక్కువ వివరంగా ఉంటాయి, నడకకు అవి నాకు బాగా పనికొచ్చాయి. బస చిరునామా అక్కడి లిపిలో కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఫోను చచ్చిపోయిన రాత్రి ఆ కాగితమే ఇంటికి చేరుస్తుంది.

ఒక హెచ్చరిక, ఇది మనసుపెట్టి వినండి. మూసుకుపోయే సందు చాలాచోట్ల వీధి కాదు, ఇంటి వాకిలి. ఫెజ్ లాంటి పాత మొరాకో నగరాల్లో బజారు సందులు రెండువైపులా తెరుచుకుని ఉంటాయి, వాటిలో ఎంతసేపైనా తిరగవచ్చు. వాటి నుంచి చీలి ఇళ్ల మధ్య ఆగిపోయే ‘దర్బ్’లు మాత్రం ఆ నాలుగైదు కుటుంబాల సొంత చోటు కిందే లెక్క. బీజింగ్‌లో ‘హుటాంగ్’లనే పాత ఇరుకు సందుల్లో తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపలి ముంగిలి మనకు తెరిచినట్టు కాదు. ఆరేసిన బట్టలు, గుమ్మంలో కూర్చున్న ముసలివాళ్లు, ఆడుకునే పిల్లలు కనిపిస్తే కెమెరా దించండి, తల వంచి పలకరించి వెనక్కి తిరగండి. ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి. ఈ సందులు మనకు చూడ్డానికి అందంగా ఉంటాయి, వాళ్లకు అక్కడ బతుకు ఉంది. ఫెజ్‌లో వెనక నుంచి ‘బాలక్’ అని కేక వినిపిస్తే వెంటనే గోడకు అంటుకోండి, బరువు మోసే కంచరగాడిద వస్తోందని అర్థం.

కడుపు సంగతికి వద్దాం. వీధి తిండి అంటేనే జబ్బు అనుకోవద్దు, హోటలు తిండి అంటేనే క్షేమమనీ అనుకోవద్దు. నా ప్రయాణాలన్నిటిలోకీ నన్ను మూడు రోజులు మంచాన పడేసింది ఒక పెద్ద హోటల్లో గంటల తరబడి మూత తీసి పెట్టిన బఫే భోజనం. సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దీన్ని సందు భాషలోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది: కళ్ల ముందు పొంగుతున్న నూనెలో, మరుగుతున్న చారులో, నిప్పు మీద నుంచి నేరుగా మీ పళ్లెంలోకి వచ్చింది మంచిది. గోరువెచ్చగా ఉన్నది అనుమానించదగ్గది. చల్లారిన అన్నాన్ని తేలిగ్గా తీసుకోకండి. అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, బయట ఉంచితే మళ్లీ పెరుగుతాయి, అవి వదిలే విషం వేడిచేసినా పోకపోవచ్చు.

నేను కొట్టు ముందు నిలబడి ఒక నిమిషం మూడు చూస్తాను. డబ్బు ముట్టుకున్న చేయే తిండి ముట్టుకుంటోందా? గిన్నెలు కడిగే నీళ్లు ఎంతసేపటివి? కోసిన కూరగాయల మీద మూత ఉందా? ఈ మూడూ బాగుంటే గోడల మాసిన రంగు నాకు పట్టదు. న్యూయార్క్‌లో అయితే 2010 నుంచి భోజనశాలల కిటికీలకు తనిఖీ గ్రేడు అక్షరం అంటించి ఉంటుంది, అది చూస్తే సరిపోతుంది. మొదటి రోజు పచ్చి ఆకులు, కోసి పెట్టిన పండ్లు, ఎక్కడిదో తెలియని ఐసు మానేయండి. తొక్క మీరే ఒలుచుకునే పండు తినండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచిలో ఉంచుకోండి. విరేచనాలతో పాటు జ్వరం, రక్తం కనిపిస్తే సొంత వైద్యం చేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

శాకాహారులకు, కొన్ని పదార్థాలు పడనివాళ్లకు ఇదంతా కాస్త కష్టం, కానీ కుదురుతుంది. ‘మాంసం లేదు’ అన్నంత మాత్రాన సరిపోదని ముందే తెలుసుకోండి. జపాన్‌లో చారుకు ఆధారమైన ‘దాషి’ తరచుగా ఎండుచేపతో చేస్తారు. వియత్నాం, థాయ్‌లాండ్ వంటల్లో చేప సాసు ఉప్పులా పడుతుంది. అక్కడి మాటే పట్టుకోండి. వియత్నాంలో ‘చాయ్’ అన్న బోర్డు ఉంటే శాకాహారం. చాంద్రమాన మాసంలో మొదటి రోజు, పౌర్ణమి రోజు చాలామంది అదే తింటారు. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో ‘జే’ అని ఉంటుంది. అందులో వెల్లుల్లి, ఉల్లి కూడా వాడరు. పడని పదార్థం ఉంటే, ‘ఇది తింటే నాకు ప్రాణం మీదికి వస్తుంది’ అన్న వాక్యాన్ని భాష బాగా వచ్చినవాళ్లతో రాయించుకుని వెళ్లండి. ఈ ఒక్క విషయంలో ఫోను అనువాదాన్ని నమ్ముకోకండి.

అడిగే పద్ధతి. ‘ఇక్కడ మంచి హోటలు ఏది?’ అని అడిగితే మీరు పరదేశి అని చూసి ఖరీదైన, మర్యాదైన చోటు చెబుతారు. అది వాళ్ల మంచితనం. ‘మీరు ఈ మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు?’ అని అడగండి. జవాబు మారిపోతుంది. కాపలా మనిషిని, మందుల దుకాణం అమ్మాయిని, పండ్లు అమ్మే ఆవిడను అడగండి. కదలకుండా ఒకేచోట పనిచేసేవాళ్లకు చుట్టుపక్కల అన్నీ తెలుసు. మీరు ఎంచుకుని అడిగిన మనిషిని నమ్మవచ్చు. అడగకుండానే దగ్గరికి వచ్చి ‘ఆ దారి మూసేశారు, నేను చూపిస్తాను’ అనే మనిషిని చిరునవ్వుతో దాటేయండి. ధర రాసి లేకపోతే తినకముందే అడగండి, తిన్నాక అడగడంలోనే గొడవలు వస్తాయి.

ఇంటర్నెట్ అభిప్రాయాల మీద ఒక్క మాట: నక్షత్రాల సంఖ్య వదిలేసి, అక్కడి భాషలో ఉన్న ఇటీవలి అభిప్రాయాలను అనువదించి చదవండి. అక్కడి లిపిలోనే ‘చవక భోజనం’ అని వెతికితే వేరే జాబితా వస్తుంది.

రాత్రి నడక గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. పగలు ఒకసారి నడవని సందులోకి రాత్రి మొదటిసారి వెళ్లను. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు తిరుగుతున్నంతసేపు ఆ పేట బాగుంటుంది. వాళ్లు తగ్గిపోవడం మొదలైతే నేనూ వెన్నెముక వైపు మళ్లుతాను. ఒంటరిగా వెళ్లే మహిళలు ఈ గుర్తును ఇంకా ముందే పాటించాలని నాతో పనిచేసిన సహోద్యోగి చెప్పేది. కూరగాయలు కొనే ఆడవాళ్లు ఉన్న బజారును వదలకుండా దాని చుట్టూనే తిరిగేది ఆమె. ఆమె కనిపెట్టిన తిండి కొట్లు నావాటికన్నా మెరుగ్గా ఉండేవి.

మీ నాలుగు రోజులకు నేనైతే ఇలా పెట్టుకుంటాను. మొదటి రోజు తెల్లవారుజామున టోకు మార్కెట్. అది ఊరి బయటికి మారిందేమో ముందే చూసుకోండి. టోక్యో త్సుకిజీలో చేపల వేలం జరిగే లోపలి మార్కెట్ 2018 అక్టోబరులో తొయోసుకు వెళ్లిపోయింది, బయటి కొట్ల సందులు మాత్రం అక్కడే ఉన్నాయి. రెండో రోజు ఏదైనా చేతిపని పేట, మధ్యాహ్న భోజనం అక్కడే. మూడో రోజు పొద్దున విశ్వవిద్యాలయం వెనక గేటు, సాయంత్రం నది ఒడ్డు. ఒక రోజుకు ఒక్క పేటే. రెండు పెట్టుకుంటే సగం రోజు బస్సుల్లోనే పోతుంది.

నాలుగో రోజు కొత్తచోటు వెతక్కండి. మూడు రోజుల్లో మీకు బాగా నచ్చిన కొట్టుకు అదే వేళకు మళ్లీ వెళ్లండి. సియోల్‌లో అచ్చు సందుల మధ్య ఒక చిన్న చారు కొట్టులో మొదటి రోజు నాకు గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ నా చేతి సిరా చూసి కడుక్కోవడానికి వెనక కుళాయి చూపించింది. మూడోసారి, మెనూలో లేని కూర ఒకటి పక్కన పెట్టి, ఎలా కలుపుకోవాలో తానే కలిపి చూపించింది.